ఓబులేసు తెచ్చుకున్న నడుమోడు

ఓబులేసని ఒగాయప్ప ఉండె మా గొర్లదొడ్డి ఊర్లో. పొట్టి మనిషి, ఎడమకాలు రవ్వంత ఈడ్చి నడుస్తాండె. ఆ కాలు యాడ పోయిందంటే బంతాటలోనే పోయింది. మా ఊర్లో ఫుట్‌బాలు తప్ప ఇంగో ఆట లేదప్పా, ముందే చెప్తాండా. వేరే ఊర్లల్లో పిల్లోళ్ళు క్రికెట్టని కట్టె పట్టుకుంటే మా ఊర్లో కట్టె పట్టేది గొర్లకాడ మాత్రమే. ఎప్పుడో మా అత్త కాలంలో బడికి ఒగ డ్రిల్లు అయివారు వచ్చినాడంట, ఆయప్పకాడ ఉండేది ఒగే ఒగ తోలుబంతి. ఆ బంతిని మా మొగోళ్ళకి అంటగట్టి ఆయప్ప బదిలీ మింద ఎల్లిపాయ. అంటగట్టి అంటే గజ్జి అంటిచ్చినట్లే అనుకో. ఆ పొద్దునించి శనక్కాయ ఎత్తేస్తానే ఆ చేన్లో రెండుపక్కలా గుంజలు నాటేది, గుండ్రాళ్ళు ఏరి అవతల పారేసేది, బంతి తన్నేది. ఓబులేసు వయసులో ఉండంగా నడుమ ఆడేటోడు. మా ఊర్లో అట్లనే అంటారు. గోలు కొట్టేటోడు ముందోడు, గోలు పోకుండా ఆపేటోడు వెనకోడు, ఇద్దరికీ మధ్యన నిలబడి ఈ పక్క బంతి అందుకోని ఆ పక్కకి అందిచ్చేటోడు నడుమోడు. ఓబులేసు కాలు పోయినంక మా ఊరికి నడుమోడే లేకపాయ. ఏటా సుంకులమ్మ పరసకి, అంటే జాతరకి, ఎగువరేవు పోయేది, ఆ ఊరోళ్ళ మింద ఆడేది, ఓడిపోయి ట్రాక్టరెక్కి తలకాయలు దించుకోని వచ్చేది. ఇదే యవ్వారం.

ఇంగ ఆదెమ్మ టీ అంగడికాడ వాదన చూడాల నువ్వు. పొద్దు పొడిస్తే ఆడనే, పొద్దు మునిగితే ఆడనే. కెంచప్పని ఒగ ముసిలాయప్ప, గొర్లు కాసేటోడు, ఆయప్ప నోరు తెరిస్తే ఊరి బయట కుక్కలు లేస్తాండె. ఆయప్పకీ ఓబులేసుకీ పడేది కాదు, ఒగరు లేకుంటే ఇంగొగరికి తోచేదీ కాదు. కెంచప్ప ఏం చేస్తాండె అంటే, ఆదెమ్మ ఉడకబెట్టిన శనక్కాయలు కొనుక్కోని బల్ల మింద ఆటగాళ్ళ మాదిరి పేర్చేది. ఇదిగో వీడు గోలుకాడుండేటోడు, వీళ్ళు నలుగురు వెనకోళ్ళు, వీడు మన కెప్టెను తిప్పేసు, ముందర నిలబడతాడు. మనకి కావాల్సింది నడుమోడు కాదప్పా, వెనకాల గట్టోడు కావాల, కంచె లేని చేనికి నడుమ ఎరువేసి ఏం లాభం అని ఆయప్ప వాదన. ఓబులేసేమో, వెనకోళ్ళు ఎంత గట్టోళ్ళైనా బంతిని ఆకాశానికి తంతాండారు, అది తిప్పేసు నెత్తి మిందనించి పోయి ఎగువరేవోని కాళ్ళకాడ పడతాండాది, నడుమ బంతిని నిలబెట్టే ఒగ కాలు ఉంటే తప్ప మనం బాగుపడం అని. ఆదెమ్మ గూడా ఊరికుంటాదా, టీ వడపోస్తానే, నడుమ ఒగన్ని కాదు ముగ్గుర్ని పెట్టండి, ముందర ఒగడు చాలు, ఆ తిప్పేసుకి ఇద్దరు తోడున్నా ఒగటే లేకున్నా ఒగటే అంటాండె. తిప్పేసు ఆడనే కూర్చోని టీ తాగుతా ఇంటాండె పాపం. ఇట్ల మాట్లాడతా మాట్లాడతా కెంచప్ప ఒగ శనక్కాయ ఒలుచుకోని తినేసేది. చూస్తే ఎడమపక్క వెనకోడు ఉండడు. మళ్ళా మొదటినించి.

అట్ల ఒగనాడు ఏమైందంటే, ఓబులేసు అన్నాడంట, ఎగువరేవులో వన్నూరప్పని ఒగ పిల్లోడుండాడు, పోయిన పరసలో మనల్ని ఓడగొట్టింది వాడే, గోలు కొట్టినోడు కాదు, కొట్టిచ్చినోడు, వానికి రెండు కాళ్ళూ కుడికాళ్ళే, వాణ్ణి తెచ్చుకుంటే మన కత మారిపోతాది అని. దానికి కెంచప్ప నగినాడంట. ఎట్ల తెస్తావు, వాడేమన్నా సంతలో కోడెదూడా, తాడేసి తోలుకోని రాను అని. ఓబులేసు టీ గ్లాసు కింద పెట్టి, నోరు తుడుచుకోని, నిదానంగా అన్నాడంట, “నాకు కూతురుంది గదప్పా” అని. ఓబులేసుకి మొగపిల్లోళ్ళు లేరు, మారెక్క ఒగతే కూతురు. ఎట్లైనా ఇల్లటం అల్లుణ్ణి తెచ్చుకోవాల్సిందే, ఇంట్లో పెట్టుకోవాల్సిందే. అది నడుమోడే ఐతే ఏంపోయె అనుకున్నాడు ఆయప్ప. కెంచప్ప మాత్రం తలకాయ అడ్డంగా ఊపినాడంట. ఎగువరేవు నీళ్ళు తాగిన కాలు ఎగువరేవుకే తంతాదప్పా, చూస్తాండు అని. ఆ పొద్దు అంగడి మూసేదాకా అదే వాదన. తెస్తే యాడ పెట్టాల, వాడొస్తే ఎవరు బయటికి పోవాల, తిప్పేసుని ఇంగా ముందరికి తొయ్యాలా, పక్కకి జరపాలా. పెండ్లి సంగతి ఒగరూ మాట్లాడలే చూడు. మారెక్కకి ఇష్టమా అని గూడా అడగలే.

అడిగింది ఎవరంటే వాళ్ళమ్మ. అడిగితే మారెక్క చాట చెరుగుతా, “మీకు నడుమోడు కావాల, నాకు మొగుడు కావాల. ఇద్దరూ ఒగే మనిషి ఐతే నాకేం” అన్నాదంట. అట్లన్నాదే గానీ, పరసలో వాణ్ణి చూసి ఆయమ్మకి గూడా నచ్చినాడులే. బయటపడలే అంతే. ఇంగ ఓబులేసు ఎగువరేవు పోయి పిల్లోన్ని చూసే కాడ, ఎంత చదివినాడు, ఎంత సంపాదిస్తాడు అనేవి ఒగటీ అడగలే. అబ్బోడు ఎడమ కాలితో గూడా అంతే దూరం తంతాడా అని అడిగినాడంట. ఆ ఇంట్లో నలుగురు కొడుకులు, వీడు మూడోవాడు. ఒగన్ని ఇయ్యడానికి వాళ్ళకేం బాధ లేకపాయ. కార్తీకంలో పెండ్లాయ. వన్నూరప్ప ఒగ రేకుపెట్టె, ఒగ జత బూట్లు తీసుకోని మా ఊరికొచ్చినాడు.

ఇప్పుడు మా ఊరి కట్టుబాటు ఒగటి చెప్పాల నీకు. బయట ఊర్లల్లో ఇల్లటం అల్లుడంటే లోకువ. తిన్న తిండి లెక్కపెడతారు, ఎనక నగుతారు. మా ఊర్లో అట్ల కాదు. ఎప్పుడో పాతకాలంలో కల్లంలో ఎవరో ఒగ ఇల్లటం అల్లుణ్ణి ఏమిరా అన్నారంట. ఆయప్ప ఆ పూటే ఎద్దుల్ని ఇప్పుకోని, పెండ్లాన్ని బండెక్కిచ్చుకోని ఎల్లిపోయినాడంట. ఆ ఇంటి చేను బీడు పడిపాయ. అప్పుడు పెద్దమనుషులు కూర్చోని ఒగ మాట పెట్టుకున్నారు. ఇల్లటం వచ్చినోడు ఊరందరికీ అల్లుడు. వాణ్ణి పేరు పెట్టి పిలవకూడదు, రా అనకూడదు, నెత్తికి పూవు తగిలిచ్చేంత మాట గూడా అనకూడదు. మంచి మాటే గదా అంటావు. మంచి మాటే. ఆ మంచితోనే వాని పానం తీసినారు.

ఎట్లనంటావా, చెప్తా ఇను. మొదటి పొద్దు వాడు బూట్లు తొడుక్కోని చేన్లోకి పోయినాడు. ఆటగాళ్ళంతా లేసి నిలబడినారు. తిప్పేసు కెప్టెను గదా, వాడేమన్నాడంటే, అల్లుడా, మీకు వీలైతే బంతి రవ్వంత ఇటుపక్కకి పంపిస్తారా, లేకుంటే మీకాడనే పెట్టుకోండి ఏం ఫర్వాలేదు అన్నాడంట. ఆటలో ఎవడన్నా ఇట్ల మాట్లాడతాడా. వన్నూరప్ప బంతి తీసుకోని వస్తాంటే ఎదురొచ్చినోడు పక్కకి తప్పుకోని దోవ ఇస్తాండె. వాని కాలికి అడ్డం పడేటోడు లేడు, గుద్దుకునేటోడు లేడు. తప్పు పాసు ఇస్తే, అబ్బ ఏం పాసిచ్చినాడప్పా అల్లుడు, మనకే అందలే అంటాండ్రి. గట్టు మింద ఓబులేసు కూర్చోని కండ్లార్పకుండా చూసి మురిసిపోతాండె. కెంచప్ప గూడా రోజూ వచ్చి చూస్తాండె, నోట్లో మాట నోట్లోనే మింగుతాండె. ఆయప్ప దవడ ఆడేది చూస్తే తెలుస్తాండె, లోపల ఎన్ని తిట్లు నలుగుతాండాయో. ఇంటికి పోయినా అదే కత. ఇంటిల్లిపాదీ సంగటి తింటాంటే వానికి మాత్రం పీట ఏసి, వేరేగా వరన్నం ఒండి పెడతాండ్రి. అత్త తలుపు చాటున నిలబడి, ఇంగ రవ్వంత ఏసుకోమని చెప్పు మారీ అని కూతురితో చెప్పిచ్చేది. ఆదెమ్మ అంగడికి పోతే బల్ల మింద ఉన్నోళ్ళంతా లేసేది. కూర్చున్నంక మాటలు ఆగిపోయేది. అందరూ టీ తాగేది, వాణ్ణి చూసి నగేది, మళ్ళా టీ తాగేది.

వానికి ఊపిరాడలేదప్పా. నెల పోయె, రెండు నెల్లు పోయె, పండగలు గూడా పోయె. వాడు ఎవరితో చెప్పుకుంటాడు. నన్ను శానా బాగా చూసుకుంటాండారని ఏడిస్తే ఇనేటోడు నగడా. ఎగువరేవులో ఐతే లేస్తానే వాళ్ళమ్మ తిట్టేది, ఎండ నెత్తికొచ్చిందాక పండుకున్నావని. ఎర్రిసామని వానికి ఒగ సావాసగాడు ఉండె, వాడు వీధి మొదట్లో నిలబడి రేయ్ వన్నూరిగా అని కేకేస్తే నాలుగిండ్లవతలకి ఇనపడేది. చేన్లో ఆడేటప్పుడు ఆ కేక ఎటుపక్కనించి వస్తే అటుపక్కకి వాని కాలు దానంతట అదే తన్నేది, తల తిప్పి చూడాల్సిన పనే ఉండదు. చిన్నప్పటినించి అట్ల ఆడినోడు. ఈడ ఎవరూ కేకెయ్యరు. బంతి కాలికాడ పెట్టుకోని, ఎవరికియ్యాలో తెలీక, దిక్కులు చూస్తా నిలబడేది వాడు. మా వాళ్ళేమో, చూసినావా ఎంత నిదానస్తుడో, ఆలోచన చేసి ఆడతాడు అనుకుంటాండ్రి.

ఒగనాడు మారెక్క చేనికి సద్ది ఎత్తుకోని పోయింది. వాడు గెనిమ గట్టు మింద కూర్చోని ఉండె. సద్ది ముట్టలే. ఏందని అడిగితే, “మారీ, నన్ను ఒగసారి తిట్టు” అన్నాడంట. ఆయమ్మకి నగువొచ్చింది. “ఏం తప్పు చేసినావని తిట్టేది?” అన్నాదంట. “తప్పు చేస్తేనే తిడతారా ఎవరన్నా. ఐదు నెల్లాయ మీ ఊరికొచ్చి. నా పేరు ఎవరి నోట్లోనూ ఇనలే. ఊరికి చుట్టం వచ్చినట్లుంది గానీ, ఇంటికొచ్చినట్లు లేదు నాకు” అన్నాడంట వాడు. నగుతా చూసింది ఆయమ్మ, చూస్తే వాని కండ్లల్లో నీళ్ళు. ఆయమ్మ ఏం చేస్తాది. మొగుని పేరు నోటితో పలికే అలవాటు లేదు మా ఆడోళ్ళకి, తిట్టను అంతకంటే రాదు, వాళ్ళ నాయన ఇంటే ఊరుకోడు. అట్ల ఇట్ల చూసినాదంట, ఎవరూ లేరు. ఒగ మట్టిగడ్డ తీసుకోని వాని ఈపుకేసి కొట్టినాదంట. ఊరికే తగలాలని కాదు, నొప్పి పుట్టాలనే కొట్టినాదంట. వాడు ఈపు రుద్దుకుంటా నగినాడంట. ఆ పూట సద్దంతా తిన్నాడంట. నాకు మారెక్కనే చెప్పింది ఈ సంగతి, ఎవరికీ చెప్పద్దని. నీకు చెప్పినాననుకో, నువ్వేం మా ఊరోనివి కాదు గదా.

ఇంగ పరస వచ్చింది. రెండు ట్రాక్టర్లు కట్టుకోని ఊరు ఊరంతా ఎగువరేవు పోతిమి. ఆడోళ్ళం ఒగ ట్రాక్టరు, మొగోళ్ళు ఒగటి. దోవ పొడుగునా ఓబులేసుకీ కెంచప్పకీ వాదనే. ఎగువరేవోళ్ళు ఎండ పొద్దున బలంగా ఆడతారు, ముందు మనం ఆగుదాం, వాళ్ళు అలిసినంక పైన పడదాం అని కెంచప్ప. అట్ల కాదు, నడుమ మనోడుండాడు, మొదటినించే బంతి వానికిస్తా పోదాం, వాడే చూసుకుంటాడు అని ఓబులేసు. ఆ మనోడు ట్రాక్టరు మూలన కూర్చోనుండాడు. వాని చుట్టూ మూరెడు జాగా ఖాళీగా పెట్టినారు మర్యాదకి. సొంతూరి పొలిమేర కనపడతానే లేసి నిలబడి చూసినాడంట. అదే మర్రేడు గుట్ట, అదే రాళ్ళ దోవ, అదే గోడకి పిడకలు. ఇప్పుడు వాడు ఆ ఊరి మింద ఆడాల.

ఆట మొదలాయ. కొంచేపు బాగానే జరిగింది. అంతలో ఏమైందంటే, బంతి వన్నూరప్ప కాలికొచ్చింది. తిప్పేసు ఎడమపక్క ఖాళీగా ఉండాడు. కేకెయ్యాల గదా, ఎయ్యడు. చెయ్యెత్తి, మర్యాదగా నిలబడుకోనుండాడు, అల్లుడు చూస్తే చూడనీ అని. మా వాళ్ళు పదిమందీ అట్లనే, నోరు కట్టేసుకోని. అప్పుడు ఎనకనించి ఒగ కేక వచ్చింది, “రేయ్ వన్నూరిగా, ఇటియ్యిరా” అని. వాని కాలు ఇచ్చేసింది. వాడియ్యలేదప్పా, కాలిచ్చింది. ఐదు నెల్లు ఆ పిలుపు లేక మొగం వాచిన కాలది. ఇచ్చి తిరిగి చూస్తే ఎర్రిసామి. ఎగువరేవోని కాలికాడ బంతి. వాడు ఎగతాళికే పిలిచినాడో, పాత అలవాటున నోరు జారిందో, వానికే తెలీదు. నోరు తెరుచుకోని ఒగ గడియ నిలబడి, మళ్ళా పరిగెత్తి గోలు కొట్టేసినాడు.

ఎగువరేవోళ్ళు ఎగురుతాండ్రి. వన్నూరప్ప అట్లనే నిలబడిపోయినాడు. ఎవరన్నా వచ్చి గల్లా పట్టుకుంటారేమో అని చూసినాడంట. ఎవరూ రాలే. తిప్పేసు వచ్చి, ఏం ఫర్వాలేదు అల్లుడా, ఎండ ఎక్కువుంది అన్నాడంట. అంతలో ఇంగొగ గోలు పడింది మాకు. ఆఫ్ టైములో వాణ్ణి పిలిచి నీడలో కూర్చోబెట్టి నిమ్మకాయ నీళ్ళిచ్చినారు, పెండ్లిలో ఇచ్చినట్లు. కానీ ఎనకాల గుసగుసలు వాని చెవిన పడతాండాయి. సొంతూరికి అమ్ముడుపోయినాడని ఒగడు, కెంచప్ప అప్పుడే చెప్పినాడు గదా అని ఇంగొగడు. ఓబులేసు దూరంగా ఒగ రాయి మింద కూర్చోనుండాడు, మొగం మట్టి కొట్టుకపోయింది. అల్లుని పక్క చూడడు. వన్నూరప్పకి అన్నిటికంటే అది తగిలింది. ఎందుకట్ల చేసినావని నన్నెవరూ అడగరు, అడిగితే చెప్పుకోవచ్చు, అడగకుంటే నేను దొంగనే గదా అనుకున్నాడంట. ఆట అయిపోతానే ఈడనే దిగిపోతా, మా అమ్మ ఇంటికి పోతా, మారెక్క వస్తే సరి, రాకుంటే నా రాత అనుకున్నాడంట. మనసులో పెట్టె గూడా సర్దేసుకున్నాడు.

మళ్ళా విజిలేసినారు. పోతాండారు వస్తాండారు. బంతి మళ్ళా వాని కాలికే వచ్చింది. మళ్ళా అదే కత. తిప్పేసు ఎడమపక్క చెయ్యెత్తి నిలబడినాడు, వాడు బంతి మింద కాలుపెట్టి దిక్కులు చూస్తాండాడు, ఎర్రిసామి మింద పడను వస్తాండాడు. అప్పుడు, ఇను నాయనా, గీత బయటనించి ఒగ గొంతు పగిలింది. “రేయ్ వన్నూరిగా, కండ్లు యాడ పెట్టినావురా. ఎడమపక్క తిప్పేసు గాడు తప్పిపోయిన గొర్రె మాదిరి నిలబడుకోనుండాడు, కనపళ్ళేదా. ఇయ్యిరా వానికి, నీ కాళ్ళిరగ.” కెంచప్ప. కట్టె పైకెత్తుకోని, మెడ నరాలు ఉబ్బిపోయి, గీత దాటి రెండడుగులు లోపలికొచ్చేసినాడు ముసిలాయప్ప. మావోళ్ళ పానాలు ఎగిరిపోయె. ఇల్లటం అల్లుణ్ణి ఊరు ఊరు చూస్తాండంగా రా అన్నాడు, అంటే ఊరికి తప్పు కట్టాల, పొట్టేలు కోసి ఊరందరికీ కూడు పెట్టాల. ఓబులేసు రాయి మిందనించి లేసినాడు, కెంచప్పని కొట్టనే లేసినాడు.

వన్నూరప్ప మాత్రం బంతి ఇచ్చేసినాడు. తల గూడా తిప్పలే. కెంచప్ప చెప్పిన చోటికి, గీత గీసినట్లు పోయింది బంతి తిప్పేసు కాళ్ళకాడికి. తిప్పేసుకే నమ్మకం లేదు గోలు పడిందని, తన్ని కండ్లు మూసుకున్నాడంట. కండ్లు తెరిచేలోపల మావోళ్ళ నోటి కట్ట తెగింది. వన్నూరిగా కుడిపక్క చూడ్రా అని ఒగడు, ఎనక వస్తాండాడు చూసుకోరా గుడ్డోడా అని ఒగడు. ఆదెమ్మ ట్రాక్టరు చక్రమెక్కి, పరిగెత్తురా, నా అంగట్లో తాగిన టీ అంతా యాడికి పోయింది అంటాండె. ఐదు నెల్ల తిట్లు గదా, ఒగే పూట బయటికొచ్చె. మారెక్క నోరు తెరవలే గానీ లేసి నిలబడుకుంది, కొంగు నోట్లో కుక్కుకోని నగుతాంది, ఏడుస్తాంది. ఇంగ వాడాడినాడప్పా. నేను బంతాట మొగం చూసే మనిషిని కాదు, ఆ పొద్దు నేను గూడా కూర్చోలే. వాని కాళ్ళల్లో చక్రాలున్నట్లు తిరిగినాడు. ఇంగొగ గోలు కొట్టింటే సమానమయ్యేది, బంతి గుంజకి తగిలి ఎనక్కొచ్చింది. ఓడిపోయినాము. ఓడిపోతిమని చెప్తాండా, గెలిచినామని కత కట్టలే.

ఆట కాంగానే ఎర్రిసామి వచ్చి వాణ్ణి కౌగిలిచ్చుకున్నాడు, ఉండిపోరా ఈ పూట, మీ యమ్మ ఎదురు చూస్తాంది అన్నాడు. వాడు వాళ్ళమ్మకాడికి పోయి, చెయ్యి పట్టుకోని రెండు మాటలు మాట్లాడి, మళ్ళా పరిగెత్తుకోని వచ్చి మా మొగోళ్ళ ట్రాక్టరే ఎక్కినాడు. ఈసారి ఎవరూ మూరెడు జాగా పెట్టలే. ఒగని మోకాలు వాని కడుపులో, ఒగని మోచెయ్యి వాని మెడ మింద. దోవ పొడుగునా తిట్టినారు వాణ్ణి. ఎగువరేవోనికి ఎందుకిచ్చినావురా ఎదవా అని ఇప్పుడడిగినారు. వాడు చెప్పినాడు, పిలిస్తే ఇచ్చినా అని. మీరు పిలవలేదు, వాడు పిలిచినాడు అని.

మరుసనాడు పొద్దున ఆదెమ్మ అంగడికాడ పెద్దమనుషులు కూర్చుండ్రి. పట్టుపట్టి పిలిచింది ఓబులేసే. నా అల్లుణ్ణి నలుగుర్లో అవమానం చేసినారు, తప్పు కట్టాల్సిందే అని. కెంచప్ప దిగులుపడలే. నేనే తిట్టినా, నోరు నాదే, మంచి పొట్టేలు నాకాడుంది, పట్టుకపోండి అన్నాడు. అప్పుడొగ పెద్దమనిషికి అనుమానం వచ్చింది. కెంచప్ప ఒగడే తిట్టినాడా, ఎనకాల మనమందరం తిడితిమి గదా, నేను గూడా గుడ్డోడా అంటి అన్నాడు. చూస్తే తిట్టనోడు లేడు. అందరూ తప్పు కట్టాలంటే అందరి పొట్టేళ్ళూ కొయ్యాల, పెట్టేటోళ్ళే గానీ తినేటోళ్ళు లేరు. ఎటూ తెగలే. ఐతే అల్లుణ్ణే అడుగుదాం, మాట పడింది వాడు గదా అన్నారు. వన్నూరప్ప లేసినాడు. బల్ల మింద కూర్చున్నోళ్ళు ఎవరూ లేయలే ఈసారి, అది చూసి రవ్వంత నగుకున్నాడంట.

“తప్పు జరిగింది” అన్నాడు. “మీరు తిట్టింది కాదు. నా పేరు నేనే మరిచిపోయేదాకా నన్ను గౌరవం చేసినారు చూడు, అది. కెంచప్ప తాత పిలిచినాకనే నాకు ఈ ఊర్లో కాలు ఆనింది. తిట్టినోళ్ళెవరికీ తప్పు లేదు. తిట్టనోడు ఒగాయప్పే ఉండాడు” అని ఓబులేసు పక్క తిరిగినాడు. “మామా, నా మూలంగా ఊరు ఓడిపోయింది. నువ్వు నన్ను ఒగ మాట గూడా అనలే. పొట్టేలు నువ్వియ్యాల” అన్నాడు.

ఓబులేసు లేసి నిలబడినాడు. ఆయప్ప కొడుకు లేని మనిషి నాయనా, రేయ్ అని పిలుచుకోను ఆ ఇంట్లో ఎవరుండ్రి. నోరు తిరగల్యా. “రేయ్” అన్నాడు, పైగుడ్డతో మొగం తుడుచుకున్నాడు. మళ్ళా “రేయ్ వన్నూరిగా. ఆ బంతి వానికిచ్చినప్పుడు నా పానం పోయింది గదరా. ఇన్ని నెల్లు ఇంత బాధ కడుపులో పెట్టుకోని తిరుగుతాంటివా, అడ్డగాడిదా, నాకు చెప్పల్యావా” అని, ఇంగ మాట సాగక ఆడనే ఆదెమ్మ బల్ల మింద కూలబడి ఏడ్చేసినాడు. వన్నూరప్ప పోయి పక్కన కూర్చోని, చెప్తా మామా, ఇంగ అన్నీ చెప్తా అంటాండె. కెంచప్ప మొగం అటుపక్కకి తిప్పుకోని శనక్కాయలు ఒలుస్తాండె, ఒలిచినవన్నీ కింద పడతాండె.

అంతే కత. ఆ మరుసటేడు కప్పు గెలిచినారా అంటే గెలిచినారు, ఆ పై ఏడు మళ్ళా ఓడినారు, ఆటన్నాక అట్లనే గదా. కట్టుబాటు మాత్రం ఆ పొద్దే మారిపాయ. ఇప్పుడు మా ఊరికి ఇల్లటం అల్లుడు ఎవరొచ్చినా మొదటి పొద్దే అంగడికి పిలుచుకపోయి, బంతాట వచ్చినా రాకున్నా, ఏదో ఒగ వంక పెట్టి నలుగుర్లో తిట్టి టీ తాపిస్తారు. కెంచప్ప ఉన్నన్నాళ్ళు ఆయప్ప తిడతాండె. ఇప్పుడు వన్నూరప్ప తిడతాడు, నెత్తి నెరిసింది గానీ గొంతు తగ్గలే. బయట ఊరోళ్ళు ఇదేం ఊరప్పా, అల్లుళ్ళని తిట్టి ఇంట్లోకి పిలుస్తారు అని ఆశ్చర్యపోతారు. మా కోడండ్లకి మాత్రం తిట్లు లేవనే ఇబ్బంది ఎప్పుడూ రాలేదులే నాయనా. మమ్మల్ని గడపలో కాలు పెట్టిన పూటనించే సొంత మనుషులనుకున్నారు. యాభై ఏండ్లుగా ఆ మర్యాద నాకు జరుగుతానే ఉంది. చాలు, మాటలు పట్టే నీ డబ్బా ఆపు ఇంగ, పొయ్యి మింద ఎసురు పెట్టొచ్చినా.